పేగుకు కుట్టు, దారానికి పరీక్ష

చెన్నూరు గోదావరి ఒడ్డున ఉంది. ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లాలో ఉండేది. 2016 నుంచి మంచిర్యాల జిల్లాలో ఉంది. చెన్నూరు, కోటపల్లి దిక్కు అడవుల్లో మద్ది చెట్లున్నాయి. ఆ చెట్ల మీద దసలి పట్టు పురుగులను పెంచుతారు. పురుగు తన చుట్టూ గూడు కట్టుకుంటుంది. దాన్నే పట్టుకాయ అంటారు. పట్టుకాయ నుంచి దారం తీస్తారు. దారంతో బట్ట నేస్తారు.

పట్టు దారంతో చీర నేస్తారని అందరికీ తెలుసు. పట్టు దారంతో మనిషి ఒంటికి కూడా కుట్లు వేస్తారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. దవాఖానలో వాడేది మల్బరీ ఆకు తినే పురుగు పట్టు. చాలా ఏళ్ల పాటు డాక్టర్లు పేగుకు కూడా పట్టు దారంతో కుట్టారు. ఇప్పుడు పేగుకు ఎక్కువగా వేరే దారాలు వాడుతున్నారు.

ఎందుకు మారింది? ఏ దారం మంచిదో ఎట్లా తెలుస్తుంది? ఇది తెలుసుకుందాం.

ఒక ఇల్లు అనుకుందాం

చెన్నూరు దగ్గర ఒక ఊరు. ఆ ఊళ్లో ఒక ఇల్లు. ఇంట్లో అత్తకు జ్వరం పట్టుకుంది. రెండు వారాలైనా తగ్గలేదు. ఒకనాడు రాత్రి కడుపులో భరించలేని నొప్పి మొదలైంది. కడుపు కట్టెలాగా గట్టిపడింది. పొద్దున్నే పెద్ద దవాఖానకు తీసుకుపోయారు.

డాక్టరు చూశాడు. "ఇది టైఫాయిడ్ జ్వరం అమ్మా. ముదిరి పేగుకు చిల్లి పడింది. వెంటనే ఆపరేషన్ చేయాలి" అన్నాడు.

కోడలు భయపడింది. "పేగుకు చిల్లి పడుతదా సారూ?" అని అడిగింది.

పడుతుంది. టైఫాయిడ్ క్రిములు చెడ్డ నీళ్లతో, చెడ్డ తిండితో కడుపులోకి పోతాయి. చిన్న పేగు చివర పుండ్లు చేస్తాయి. మందు సరిగా వాడకపోతే పుండు ముదిరి చిల్లి పడవచ్చు. ఎక్కువగా మూడో వారంలో ఇట్లా జరుగుతుంది. పేగు మెలిపడినా, పేగుకు టీబీ వచ్చినా, క్యాన్సర్ గడ్డ వచ్చినా, దెబ్బ తగిలినా ఆపరేషన్ చేయవలసి రావచ్చు. అప్పుడు చిల్లిని కుడతారు. లేదా చెడిన ముక్కను తీసేసి, రెండు కొసలను కలిపి కుడతారు.

బట్టకు కుట్టు వేరు, పేగుకు కుట్టు వేరు

పెద్దవాళ్లలో చిన్న పేగు సుమారు 20 అడుగుల పొడుగు ఉంటుంది. పెద్ద పేగు సుమారు 5 అడుగులు. పేగు ఊరికే ఉండదు. వానపాములాగా ముడుచుకుంటూ సాగుతూ తిండిని ముందుకు తోస్తుంది. లోపల మలం ఉంటుంది. మలంలో లెక్కలేనన్ని క్రిములుంటాయి.

రవిక చినిగితే కుడతాం. ఆ కుట్టు ఎప్పటికీ ఉండాలి. దారం తెగితే బట్ట మళ్లీ చినుగుతుంది. బట్ట తనంతట తాను అతుక్కోదు.

పేగు అట్లా కాదు. పేగుకు ప్రాణముంది. తనంతట తాను అతుక్కుంటుంది. దారం పని ఒక్కటే. అతుక్కునే దాకా రెండు కొసలను కలిపి పట్టుకోవాలి. ఇల్లు కట్టేటప్పుడు స్లాబు కింద కర్రలు నిలబెడతాం కదా! స్లాబు గట్టిపడే దాకా కర్రలు మోస్తాయి. తర్వాత వాటిని తీసేస్తాం. పేగులో దారం పని కూడా అంతే.

మొదటి కొన్ని రోజులు అతుకు చాలా బలహీనంగా ఉంటుంది. ఆ రోజుల్లో బరువంతా దారం మీదే. రెండు వారాలు గడిస్తే పేగుకు చాలావరకు బలం వస్తుంది.

మూడు ఇబ్బందులు

ఆపరేషన్ తర్వాత కుట్ల దగ్గర ముఖ్యంగా మూడు ఇబ్బందులు రావచ్చు.

ఒకటి: పేగు అతుకు కారడం. అతుకు విడిపోతే మలం కడుపులోకి కారుతుంది. ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

రెండు: పైన కోసిన చోట చీము పట్టడం. పేగు ఆపరేషన్లలో ఇది ఎక్కువ. ఎందుకంటే పేగులోని క్రిములు గాయానికి అంటే అవకాశం ఉంది.

మూడు: కడుపు గోడ విడిపోవడం. పైన తోలు అతుక్కున్నట్టే ఉంటుంది. లోపలి గట్టి పొర విడిపోతుంది. కొన్ని నెలలకు కుట్టు దగ్గర ఉబ్బు వస్తుంది. దగ్గితే పెద్దదవుతుంది. దీన్ని హెర్నియా అంటారు.

ఈ మూడింటినీ తగ్గించాలనే డాక్టర్లు దారాలను పరీక్షిస్తూ వచ్చారు.

పాతకాలంలో ఏం చేశారు?

మన దేశంలో సుశ్రుతుడు అనే వైద్యుడు ఉండేవాడు. ఆయన పేరున సుశ్రుత సంహిత అనే గ్రంథం ఉంది. అందులో పేగు కుట్టే సంగతి ఉంది. చిల్లిపడిన పేగు అంచులను దగ్గరికి చేర్చాలి. వాటిని పెద్ద నల్ల చీమలతో కరిపించాలి. చీమ పట్టు బిగించగానే దాని ఒళ్లు తుంచేయాలి. తల అక్కడే కుట్టులాగా ఉండిపోతుంది. నార, వెంట్రుక లాంటివి కూడా కుట్లకు వాడవచ్చని అందులో ఉంది.

తర్వాతి కాలంలో క్యాట్‌గట్ అనే దారం వచ్చింది. 'క్యాట్' అంటే ఇంగ్లీషులో పిల్లి. కాని దీనికి పిల్లితో పని లేదు. దీన్ని గొర్రె పేగు నుంచి, పశువుల పేగు నుంచి చేస్తారు. ఒంట్లో కుడితే కొన్నాళ్లకు కరిగిపోతుంది.

ఇంగ్లండు దేశపు డాక్టరు జోసెఫ్ లిస్టర్ ఈ దారాన్ని పరీక్షించాడు. క్రిములను చంపే మందులో క్యాట్‌గట్‌ను నానబెట్టాడు. దాంతో ఒక దూడ మెడలోని రక్తనాళాన్ని కట్టాడు. నెల తర్వాత కోసి చూశాడు. చీము పట్టలేదు. దారం ఉన్నచోట ఒంటి కండే పెరుగుతోంది. ఈ సంగతిని 1869లో అచ్చు వేయించాడు.

1887లో అమెరికా డాక్టరు విలియం హాల్‌స్టెడ్ ఇంకో సంగతి తేల్చాడు. పేగు గోడకు పొరలుంటాయి. ఏ పొర కుట్టును గట్టిగా పట్టుకుంటుంది? కుక్కల పేగులను కుట్టి చూశాడు. లోపలి నుంచి రెండో పొర గట్టిదని తేలింది. సూది ఆ పొరను పట్టకపోతే కుట్టు నిలవదు. అంటే దారం ఒక్కటే చాలదు. కుట్టే చెయ్యి కూడా సరిగా ఉండాలి.

దారాల్లో రకాలు

కరిగేవి, కరగనివి అని దారాలు రెండు రకాలు.

నైలాన్ లాంటివి కరగవు. తోలు మీద వీటితో కుడితే, గాయం అతుక్కున్నాక దవాఖానలో తీసేస్తారు. పట్టును కూడా కరగని దారాల్లోనే లెక్కిస్తారు.

కరిగే దారాల్లో క్యాట్‌గట్ పాతది. మామూలు క్యాట్‌గట్ బలం 7 నుంచి 10 రోజులే. ఒకరి ఒంట్లో తొందరగా కరుగుతుంది. ఇంకొకరి ఒంట్లో ఆలస్యంగా కరుగుతుంది. నమ్మకం తక్కువ.

1970ల నుంచి ఫ్యాక్టరీలో చేసిన కరిగే దారాలు వచ్చాయి. వాటిలో పాలీగ్లాక్టిన్ ఒకటి. రెండు వారాలకు దాని బలం నూటికి 75 వంతులు ఉంటుంది. మూడు వారాలకు సగం ఉంటుంది. 56 నుంచి 70 రోజుల్లో పూర్తిగా కరుగుతుంది. పాలీడయాక్సనోన్ అనే దారం ఇంకా నెమ్మదిగా కరుగుతుంది. నాలుగు వారాలకు కూడా సుమారు సగం బలం ఉంటుంది. పూర్తిగా కరగడానికి సుమారు 6 నెలలు పడుతుంది.

పేగు తొందరగా అతుకుతుంది. దానికి కొన్ని వారాలు నిలిచే దారం చాలు. కడుపు గోడ గట్టిపడటానికి నెలలు పడుతుంది. దానికి నెమ్మదిగా కరిగే దారం కావాలి. అందుకే ఒక్క ఆపరేషన్‌లోనే రెండు మూడు రకాల దారాలు వాడతారు.

దారం అల్లిక కూడా చూడాలి. కొన్ని దారాలు జడలాగా అల్లినవి. పట్టు దారం ఇట్లాంటిదే. ముడి బాగా పడుతుంది. కాని పోగుల సందుల్లో క్రిములు దాక్కునే వీలుంది. కొన్ని దారాలు ఒకే పోగువి. నున్నగా ఉంటాయి. క్రిములకు చోటు తక్కువ. కాని ముడి జారుతుంది. నైలాన్ తాడుకు ఒక్క ముడి వేస్తే ఊడిపోతుంది కదా! అందుకే డాక్టరు ఎక్కువ ముడులు వేస్తాడు.

దారానికి పరీక్షలు

మొదటి పరీక్ష ఫ్యాక్టరీలో. దారం మందం అంతటా ఒక్క తీరుగా ఉందా? ముడి వేసి లాగితే ఎంత బలానికి తెగుతుంది? సూది నుంచి దారం ఊడుతుందా? పొట్లం లోపల క్రిములున్నాయా? ఇవన్నీ చూస్తారు. పొట్లం మీద గడువు తేదీ వేస్తారు.

రెండో పరీక్ష నీళ్లలో. మన ఒంటి వేడికి సమానంగా వెచ్చగా ఉండే ద్రావణంలో దారాన్ని నానబెడతారు. కొన్ని రోజులకు ఒకసారి తీసి లాగి చూస్తారు. ఎంత బలం తగ్గిందో రాసుకుంటారు.

మూడో పరీక్ష జంతువుల మీద. లిస్టర్ దూడ మీద చేసినట్టు, ఒంట్లో దారం ఏమవుతుందో చూస్తారు.

నాలుగోది మనుషుల మీద. ఇది అన్నిటికన్నా జాగ్రత్తగా చేయాల్సింది.

చీటీ వేసి చూడటం

ఒక డాక్టరు కొత్త దారం వాడాడు అనుకుందాం. పది మందికి బాగైంది. అయితే ఆ దారం మంచిదనవచ్చా? అనలేం. ఆ పది మంది ముందే గట్టివాళ్లు కావచ్చు. పాత దారం పెట్టినవాళ్లు ముసలివాళ్లు కావచ్చు. అప్పుడు గొప్ప దారానిదా, మనిషిదా?

అందుకే చీటీ వేస్తారు. వందల మందిని, వేల మందిని తీసుకుంటారు. ఎవరికి కొత్త దారం, ఎవరికి పాత దారం అనేది డాక్టరు ఎంచుకోడు. చీటీ చెబుతుంది. అప్పుడు రెండు గుంపుల్లోనూ గట్టివాళ్లు, బక్కవాళ్లు ఇంచుమించు సమానంగా వస్తారు. తర్వాత ఎవరి గాయానికి చీము పట్టిందో లెక్కపెడతారు.

కొన్నేళ్ల కింద మందు పూసిన దారం వచ్చింది. క్రిములను చంపే ట్రైక్లోసాన్ అనే మందు పూస్తారు. ఖరీదు ఎక్కువ. కొన్ని పరీక్షల్లో మేలు కనిపించింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ దారం వాడవచ్చని సూచించింది.

మరి బీద దేశాల దవాఖానల్లో కూడా మేలు చేస్తుందా? ఇది తేల్చడానికి ఫాల్కన్ అనే పెద్ద పరీక్ష జరిగింది. 2018 నుంచి 2020 దాకా 7 దేశాల్లో, 54 దవాఖానల్లో చేశారు. మన దేశం కూడా అందులో ఉంది. 5,788 మంది చేరారు. అందరికీ కడుపు ఆపరేషన్లే. 30 రోజుల పాటు గాయాలు చూశారు.

ఫలితం 2021లో వచ్చింది. ప్రతి 100 మందిలో సుమారు 22 మందికి గాయానికి చీము పట్టింది. మందు పూసిన దారానికీ, మామూలు దారానికీ తేడా తేలలేదు. ఖరీదైన దారం గెలవలేదు.

ఇది చిన్న సంగతి కాదు. చేయకుంటే బీద దవాఖానలు ఆ దారం కోసం డబ్బు ఖర్చు పెట్టేవి. పరీక్ష చేయడం వల్ల ఆ డబ్బు వేరే పనికి మిగులుతుంది.

ఏ పనికి? దానికి ఇంకో పరీక్ష జవాబు చెప్పింది. దాని పేరు చీతా. ఇది కూడా అవే 7 దేశాల్లో జరిగింది. 81 దవాఖానలు, 13,301 మంది రోగులు. ఈసారి పరీక్ష దారానికి కాదు, చేతి తొడుగులకు. పేగు పని అయిపోయాక, కడుపు మూసే ముందు, డాక్టర్లు, నర్సులు తొడుగులు మార్చారు. కత్తెర, పట్టకారు లాంటి పనిముట్లు కూడా మార్చారు. మార్చని చోట 100 మందిలో సుమారు 19 మందికి చీము పట్టింది. మార్చిన చోట 16 మందికి పట్టింది. ఈ ఫలితం 2022లో వచ్చింది.

కుట్టే తీరు మీద కూడా పరీక్ష జరిగింది. నెదర్లాండ్స్ దేశంలో 560 మందికి కడుపు గోడను రెండు రకాలుగా కుట్టారు. కొందరికి సెంటీమీటరు దూరంతో పెద్ద కుట్లు. కొందరికి అందులో సగం దూరంతో సన్న కుట్లు. ఏడాది తర్వాత చూశారు. పెద్ద కుట్లవాళ్లలో 100కు 21 మందికి హెర్నియా వచ్చింది. సన్న కుట్లవాళ్లలో 13 మందికే వచ్చింది. ఇది 2015 సంగతి. దగ్గర దగ్గరగా వేసిన సన్న కుట్టు గట్టిదని కుట్టుపని చేసే ఆడవాళ్లకు తెలిసిందే!

కాగితం మీద సంతకం

ఆపరేషన్‌కు ముందు ఒక కాగితం ఇస్తారు. అది ఒప్పుకోలు పత్రం. అత్త ఆపరేషన్‌కు కూడా ఇచ్చారు. కోడలు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివింది. అత్తకు వినిపించింది. అర్థం కానిచోట నర్సును అడిగింది. అప్పుడు అత్త వేలిముద్ర వేసింది. కోడలు కింద సంతకం పెట్టింది.

దారం మీదనో, మందు మీదనో పరీక్ష జరుగుతుంటే దానికి వేరే కాగితం ఉంటుంది. అందులో ఏం చేస్తారో, లాభం ఏమిటో, నష్టం ఏమిటో రాసి ఉండాలి. మన భాషలో ఉండాలి. చదవలేనివాళ్లకు చదివి చెప్పాలి. పరీక్షతో సంబంధం లేని ఒక సాక్షి పక్కన ఉండాలి. చేరడం, చేరకపోవడం మన ఇష్టం. చేరాక కూడా మధ్యలో వద్దనవచ్చు. వద్దన్నందుకు మామూలు వైద్యం ఆపకూడదు. ఈ హక్కులు గుర్తుంచుకోవాలి.

ఇంటికి వచ్చాక

అత్తకు పేగు కుట్టారు. పదో రోజు ఇంటికి పంపారు. రెండు రోజులు బాగానే ఉంది. మూడో రోజు ఒళ్లు కాలింది. కుట్టు చుట్టూ ఎర్రబడింది. తెల్లటి చీము కారింది.

పక్కింటి ముసలమ్మ వచ్చింది. "ఇంత పసుపు, నూనె పెట్టు బిడ్డా. అదే తగ్గుతది" అన్నది.

కోడలు దవాఖాన చీటీ తీసి చదివింది. 'జ్వరం వచ్చినా, చీము కారినా వెంటనే రావాలి' అని రాసి ఉంది.

"లేదవ్వా. దవాఖానకే తీస్కపోత" అన్నది. అదే రోజు తీసుకుపోయింది.

డాక్టరు పైన రెండు కుట్లు విప్పాడు. చీము తీసి కడిగాడు. మందు రాశాడు. "లోపల పేగు బాగుంది. తొందరగా తెచ్చి మంచి పని చేసినవమ్మా" అన్నాడు.

"దారం మంచిది కాదా సారూ?" అని కోడలు అడిగింది.

"దారం తప్పు కాదమ్మా. పేగు పగిలినప్పుడే క్రిములు కడుపంతా పాకినయి. రక్తం తక్కువున్నా, షుగరున్నా, బీడీ, చుట్ట తాగినా గాయం తొందరగా మానదు. దారం పట్టుకుంటది. అతికేది మాత్రం ఒళ్లే" అన్నాడు.

నెల తిరిగేసరికి అత్త కోలుకుంది. వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతోంది. కోడలు ఇంట్లో తాగే నీళ్లు కాచి చల్లార్చుతోంది.

గుర్తుంచుకోండి

కడుపు ఆపరేషన్ తర్వాత ఈ గుర్తులు కనిపిస్తే అదే రోజు దవాఖానకు పోవాలి. అవసరమైతే 108కి ఫోన్ చేయాలి.

- జ్వరం, చలి రావడం
- కడుపునొప్పి తగ్గకుండా పెరగడం
- కడుపు ఉబ్బడం, వాంతులు, గాలి పోకపోవడం
- గుండె దడ, ఆయాసం
- కుట్టు నుంచి చీము గాని, పచ్చటి నీరు గాని, మలం లాంటిది గాని కారడం
- కుట్టు విడిపోవడం

కుట్టు విడిపోయి పేగు బయటికి వస్తే లోపలికి తోయకూడదు. శుభ్రమైన గుడ్డను కాచి చల్లార్చిన నీళ్లతో తడిపి కప్పాలి. తినడానికి, తాగడానికి ఏమీ ఇవ్వకూడదు. వెంటనే 108ని పిలవాలి.

గాయం మీద పసుపు, బూడిద, ఆకు పసరు పెట్టకూడదు. కుట్టు దారం కొస కనిపిస్తే లాగకూడదు. డాక్టరు చెప్పే దాకా బిందెలు, మూటలు ఎత్తకూడదు. సాధారణంగా ఆరు వారాలు ఆగమంటారు.

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. బట్ట కుట్టుకూ, పేగు కుట్టుకూ తేడా ఏమిటి?
2. దారాలను పరీక్షించేటప్పుడు చీటీ ఎందుకు వేస్తారు?
3. మీ ఇంట్లో దవాఖాన కాగితాలున్నాయా? ఒకటి తీసి చదవండి. అర్థం కాని మాటలు రాసుకోండి. ఈసారి దవాఖానకు పోయినప్పుడు అడగండి.